నిద్రప్ప మేలుకోని పుస్తకం

పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసే పనిలోకి, కథలు రాసే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు ఏదో ఒక శిక్షణలో ఈ కథ వినే ఉంటారు. తంబళ్లపల్లె వైపు ఒక మెట్ట పల్లెలో గొర్రెల కాపరి ఒకడు కూతురిని బడి మాన్పించి గొర్రెల వెంట తోలేవాడట. ఒకనాడు బొమ్మల పుస్తకంలో అచ్చం తనలాంటి మనిషిని చూసి సిగ్గుపడ్డాడట. మరునాడే కూతురి చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయాడట. బొమ్మకు ఎంత బలముందో చెప్పడానికి ఈ కథ చెబుతారు. విన్నవాళ్ళు చప్పట్లు కొడతారు.

ఆ పుస్తకానికి బొమ్మలు గీసింది నేను. ఆ కథను ఊరూరా చెప్పినవాళ్ళలోనూ నేనున్నాను. జరిగింది అది కాదు. ఏం జరిగిందో రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు కూడా రాసేవాణ్ణి కాదేమో. ఎందుకు రాస్తున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

తొంభైల మొదట్లో నేను పుంగనూరులో అంగళ్ళకు బోర్డులు రాసేవాణ్ణి. ఎరువుల కొట్టు, టైలరు షాపు, సైకిల్ షాపు, ఏ బోర్డయినా సరే మూలలో ఒక మనిషి బొమ్మ వేయనిదే నాకు తృప్తి ఉండేది కాదు. ఒకసారి టైలరు బోర్డు మీద గీసిన కోరమీసాల మనిషి అచ్చం ఆ టైలరు బావమరిదిలా ఉన్నాడని, వాళ్ళిద్దరికీ అసలే పడదని, పెద్ద గొడవైంది. నిచ్చెన ఎక్కి బోర్డంతా మళ్ళీ తుడవాల్సి వచ్చింది. అప్పుడే నాకు బుద్ధి రావలసింది. రాకపోగా, ఆ గొడవ వల్లే నాకు ఉద్యోగం వచ్చింది.

మదనపల్లెలో ఒక చిన్న సంస్థ ఉండేది. ఒకే అయ్యవారు అన్ని తరగతులకూ చదువు చెప్పే పల్లె బడుల కోసం అభ్యాస పుస్తకాలు తయారుచేసేవాళ్ళు. ఎడమ పేజీలో బొమ్మల కథ, కుడి పేజీలో పిల్లలు రాసే ఖాళీలు, ప్రశ్నలు. అయ్యవారు ఒక తరగతితో ఉంటే మిగతా పిల్లలు వాటితో వాళ్ళంతట వాళ్ళే నేర్చుకోవాలి. ఆ సంస్థ నడిపే పెద్దసారు టైలరు గొడవ గురించి ఎవరో చెప్పగా విని తెగ నవ్వుకుని, నన్ను పిలిపించాడు.

"మనుషుల పోలిక పట్టే చెయ్యి కావాలి నాకు" అన్నాడు. "మన పుస్తకాల్లో పిల్లలందరూ టై కట్టుకోని ఉంటారు. అమ్మలందరూ సోఫాలో కూర్చోనుంటారు. మన పిలకాయలు ఆ బొమ్మలు చూసి ఇదేదో వేరే లోకం అనుకుంటారు. నువ్వు ఊళ్ళు తిరుగు. చూసింది గీయి."

చూసింది గీయి. ఆ మాట నాకెంతో నచ్చింది. చూసిందంతా నిజమేనా అని మాలో ఎవ్వరమూ అడగలేదు.

కథలు రాసే అక్క ఒకామె ఉండేది. మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో ఇల్లు. వాళ్ళమ్మ నర్సుగా చేసి రిటైరయింది. అక్క బైబిలు కథలు వింటూ పెరిగింది కాబట్టి ఏ కథకైనా ఒక పాపి, ఒక పశ్చాత్తాపం ఉండాలంటుందని పెద్దసారు ఏడిపించేవాడు. "పాపి లేకుండా కథ నడిపేదెట్ల సార్, మీరు నడపండి సూద్దాం" అనేది ఆమె. నా బొమ్మలు చూసి ఆమె కథ అల్లేది. ఆమె కథకు నేను మళ్ళీ బొమ్మలు గీసేవాణ్ణి. మాటల బుడగల్లో అక్షరాలు కూడా నేనే చేత్తో రాసేవాణ్ణి.

ఊళ్ళు తిరగడానికి నేను ఎక్కువగా ఆదివారాలు బయలుదేరేవాణ్ణి. మామూలు రోజుల్లో ఆఫీసు పని ఉండేది. పైగా ఆదివారం బస్సులో సీటు దొరికేది. నేను చేసిన తప్పుకు మొదలు ఎక్కడని వెతికితే ఆ బస్సు సీటు దగ్గర తేలుతుంది.

అలా ఒక ఆదివారం తంబళ్లపల్లె బస్సెక్కి, ఒక పల్లె దాటాక దిగాను. వేరుశనగ పీకేసిన చేలు. గట్టు మీద కానుగ చెట్టు. దాని కింద ఒక మనిషి గొంగళి మీద వెల్లకిలా పడుకుని, నోరు కాస్త తెరుచుకుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. మిట్టమధ్యాహ్నం. కొంచెం దూరంలో ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్ల కట్టె పట్టుకుని గొర్రెల వెంట తిరుగుతోంది. నేను పుస్తకం తీసి గీయడం మొదలుపెట్టాను. అలాంటి ముఖం దొరకడం అదృష్టం. నిద్రలో మనిషి కదలడు, సిగ్గుపడడు, మీసం దువ్వుకోడు.

పిల్ల దగ్గరికొచ్చి తొంగి చూసింది.

"ఏం జేస్తాండావన్నా?"

"బొమ్మ గీస్తాండా."

"మా నాయన్నా?" మురిసిపోయింది. వెంటనే గొంతు తగ్గించింది. "లేపొద్దన్నా. ఇప్పుడే పండుకున్నాడు."

కుండలోంచి ఇంత మజ్జిగ వంచి సత్తు గ్లాసులో నాకిచ్చింది. నేను తాగాను. ఆమెను కూడా గీశాను. బస్సు టయిమయిందని వచ్చేశాను. ఆ పిల్లను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మరునాడు ఆఫీసులో అక్క ఆ బొమ్మలు చూసి పగలబడి నవ్వింది.

"ఎవరబ్బా ఈయప్ప? ఇల్లు కాలిపోయినా లేసేట్టు లేడే!"

"గొర్రెలాయప్పక్కా. ఆయప్ప పండుకుంటాడు, కూతురు మేపుతాది."

"పాప బడికి పోదా?"

"యాడ పోతాదక్కా" అన్నాను.

నాకు తెలియదు. ఆ సంగతి నాకు తెలియదన్న ఆలోచన కూడా రాలేదు. తెలియదు అనాల్సిన చోట నోటికొచ్చింది అన్నాను. అక్క అప్పుడే కలం తీసింది.

కథ పేరు నిద్రప్ప. నిద్రప్ప ఎప్పుడూ నిద్రపోతుంటాడు. కూతురు గొర్రెలు కాస్తుంటుంది. పాపం ఆ పిల్లకు అక్షరం ముక్క రాదు. చివరికి గొర్రెలకే జాలి కలిగి, అన్నీ కలిసి ఆ పిల్లను తోసుకుంటూ బడికి తీసుకుపోతాయి. నిద్రప్ప మాత్రం గురక పెడుతూనే ఉంటాడు. పుస్తకం మొత్తంలో అతను ఒక్కసారి కూడా కళ్ళు తెరవడు. పిల్లలకు నవ్వొచ్చేది అక్కడే. ప్రతి పేజీలో నిద్రప్పను కొత్త భంగిమలో పడుకోబెట్టాను. ముఖం మాత్రం అదే. గొంగళి కూడా అదే. ఎదురుగా ఉన్న కుడి పేజీలో ప్రశ్నలు. ఆఖరిది: నిద్రప్ప చేసిన తప్పేమిటి? మూడు వాక్యాలు రాయండి.

అచ్చుకు ముందు ప్రతి పుస్తకాన్నీ కొన్ని బడుల్లో చదివించి చూడటం మా పద్ధతి. నిద్రప్పను పుంగనూరు దగ్గర ఒక బడిలో, కుప్పం దగ్గర ఒక బడిలో చదివించాం. కుప్పంలో సగం మంది పిల్లలు ఇంట్లో అరవం మాట్లాడేవాళ్ళు. తెలుగు చదవడం అంతంతమాత్రం. అయినా బొమ్మలు చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. మాటలు రాకపోయినా అర్థమయ్యే పుస్తకం చేశామని మేం పొంగిపోయాం. ఆ మనిషి ఉన్న ఊళ్ళో మాత్రం చదివించలేదు. అవసరమని ఎవరికీ తోచలేదు.

పుస్తకాలు అచ్చయి వచ్చాక, ఆ ఊరి బడికి ఇవ్వాల్సిన కట్టను నేనే పట్టుకుపోయాను. బొమ్మ చూసుకుని ఆ మనిషి సంతోషిస్తాడని నా ఊహ. మామూలు రోజు, పొద్దుటి పూట. బడి వరండాలో కట్ట విప్పేసరికి ఊరి జనం కొందరు చేరారు. పిల్లలు తలా ఒక పుస్తకం లాక్కున్నారు. వాళ్ళ మధ్యలో ఆ పిల్ల కనబడింది. చేతిలో పలక, భుజానికి సంచి. ఇదేమిటి, ఈ పిల్ల బడిలో ఉందేమిటని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఈమధ్యే చేరిందేమోలే అని సర్దిచెప్పుకున్నాను.

గొర్రెల మనిషి కబురంది వచ్చాడు. పుస్తకం చూసి ముఖం వెలిగిపోయింది.

"నా బొమ్మేనా సామీ ఇది? ఓరి నీ! గొంగళి గూడా అచ్చం నాదే! సూడండ్రా, రాజు మాదిరి పండుకోనుండా!"

చుట్టూ ఉన్నవాళ్ళకు ఒక్కొక్కరికీ చూపించాడు. తర్వాత కూతురిని దగ్గరికి పిలిచాడు. "సదవమ్మా, మన గురించి ఏం రాసినారో ఇందాం."

పిల్ల గొంతు సవరించుకుని చదివింది. "అనగనగా ఒక గొర్రెల కాపరి. అతని పేరు నిద్రప్ప." అందరూ నవ్వారు. వాళ్ళ నాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. పిల్ల పేజీ తిప్పింది. ఆగిపోయింది. తలెత్తి నా వంక చూసింది.

ఆ పేజీలో ఏముందో నాకు తెలుసు. అక్షరం అక్షరం నేనే రాశాను. కూతురిని బడికి పంపడు, ఆమెకు అక్షరం ముక్క రాదు అని ఉంది.

పిల్ల మళ్ళీ పుస్తకంలోకి చూసి చదివింది. "నిద్రప్పకు మంచి గొర్రెలు ఉన్నాయి. అతను వాటిని బాగా చూసుకుంటాడు." వేలు అక్షరాల కింద నడుస్తూనే ఉంది. సరిగ్గా ఎక్కడ తిప్పాలో అక్కడ పేజీ తిప్పుతోంది. పేజీ మీద లేని కథ చెబుతోంది. నిద్రప్ప మంచివాడు. నిద్రప్పకు కూతురంటే ఇష్టం. గొర్రెలకు కూడా అతనంటే ఇష్టం. మా అక్క కూడా అంత వేగంగా కథ అల్లలేదు.

పక్కన కూర్చున్న పిల్ల తన పుస్తకంలో చూసుకుంటూ ఊరుకోలేకపోయింది.

"అట్ల లేదు మే! తప్పు సదువుతాండావు. నిద్దరప్ప కూతురికి సదువు రాదు అని ఉండాది ఈడ!"

ఒక్కసారిగా నవ్వులు. గొర్రెల మనిషి కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. నవ్వుతూ నవ్వుతూ ఆగి నా వైపు తిరిగాడు.

"సదువు రాదా? మరి ఇంతసేపూ సదివింది ఎవురు సామీ?"

నా పక్కన నిలబడ్డ అయ్యవారు మెల్లగా అన్నాడు. "ఈ పాప ఒకటి నుంచీ ఈడనే సార్. మా బళ్ళో అందరికంటే బాగా సదివేది ఇదే."

"కథ గదప్పా. కథలో అట్ల వస్తాయి" అన్నాను నేను.

ఆ పిల్ల పుస్తకం మూసి తండ్రి చేతికిచ్చింది. ఆయన దాన్ని గొంగళి మడతలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాను. ఆఫీసులో ఏమీ చెప్పలేదు. కొన్నాళ్ళకు అదే సద్దుమణుగుతుందనుకున్నాను.

కొన్నాళ్ళకు ఆయనే మా ఆఫీసుకు వచ్చాడు. చెప్పులు గేటు దగ్గరే విడిచి, మెట్టు మీద కూర్చుని అడిగాడట, బొమ్మలాయప్ప ఉండాడా అని. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఈడనే బాగుండాది సామీ. పాప బడికి పోనంటాది. పుస్తకం మీది. మీరే ఏదన్నా జెయ్యల్ల."

"ఏమైంది?"

"పిలకాయలంతా నిద్దరప్ప కూతురంటాండారు. దానికి పాప వోర్సుకున్నాది. మొన్న అయ్యోరు పుస్తకంలో ప్రశ్నకు జవాబు రాయమన్నాడంట. నిద్దరప్ప జేసిన తప్పేంది అని. అందురూ రాసినారు. ఇది రాయలేదు. పలక ఆడనే పెట్టి లేసొచ్చేసింది. పోమ్మా అంటే పోదు. కొట్టినా గూడా సామీ. నా సెయ్యి ఎప్పుడూ లేసింది లేదు దాని మింద."

ఆయనే మళ్ళీ అన్నాడు.

"నేను పగులు పండుకుంటా, అది అబద్దం గాదు. రాత్రంతా కయ్యిలో మందకాడ మేలుకోనుంటా. తోడేలొస్తే ఏ పుస్తకమొచ్చి తోల్తాది? ఆదివారం బడుండదు గదా. ఆ పొద్దు గొర్రెలకాడ పాపుంటాది, నేను రోంతసేపు కన్ను మూస్తా. నువ్వొచ్చింది ఆదివారం సామీ."

ఎరువు కోసం రైతులు తమ చేలల్లో రాత్రిపూట గొర్రెల మంద పెట్టించుకుంటారు. పుంగనూరులో పుట్టి పెరిగినవాణ్ణి, అది నాకు తెలియని సంగతి కాదు. రాత్రి మంద దగ్గర ఒక మనిషి మేలుకుని ఉండాలని, అతను ఎప్పుడో ఒకప్పుడు నిద్రపోవాలని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"ఇప్పుడు నన్నేం జెయ్యమంటావప్పా?"

"ఒక్కసారి మా వూరికి రా. పిలకాయల ముందర నిలబడి, ఇది ఈయప్ప గాదు, పాప ముందు నుంచీ బడికి పోతానే ఉండాది, నేనే తెలీక రాసినా అని ఒక్క మాట జెప్పు. అది ఇంటే సాలు. ఇంగేమీ వద్దు."

అంతే అడిగాడు.

పెద్దసారు ఒప్పుకోలేదు. చెడ్డవాడు కాదాయన. తిట్టలేదు, ఆ మనిషికి భోజనం కూడా పెట్టించాడు. కానీ కాపరి పోయాక మమ్మల్ని కూర్చోబెట్టి అన్నాడు. "మన పుస్తకం తప్పని మనమే ఊళ్ళో నిలబడి చెబితే రేపు మిగతా పుస్తకాలను ఏ అయ్యవారు నమ్ముతాడు? ముఖం మార్చేద్దాం. చీటీలు అచ్చేసి అంటించేద్దాం. ముఖం లేకపోతే గొడవా లేదు."

అచ్చులో తప్పు దొర్లితే సరైన మాట చిన్న కాగితం మీద అచ్చేసి దాని మీద అంటించడం మాకు అలవాటే. ఇప్పుడు మాట బదులు ముఖం.

"బస్సెక్కి పోయి ఒక మాట జెప్పొచ్చేదానికి ఇంత కాగితమెందుకు సార్?" అంది అక్క. "కథ రాసింది నేను. పాపి ఎవరో నాకు తెలిసిపోయింది. నేను గూడా పోతా, తమ్ముడితో కలిసి."

పెద్దసారు నా వంక చూశాడు. నేను చీటీలే మేలన్నాను. గీయడం నా చేతికి తెలిసిన పని. పిల్లల ముందు నిలబడి నేను తప్పు చేశానని చెప్పడం తెలియని పని. ఆ తర్వాత అక్క నాతో పనికి కావలసినంతే మాట్లాడేది.

బట్టతల, బుర్రమీసాలతో ఎవరికీ చెందని ముఖం ఒకటి గీశాను. చీటీలు వచ్చాయి. మైదా జిగురు కలుపుకుని, తంబళ్లపల్లె వైపు నుంచి మొదలుపెట్టి పుంగనూరు, సోమల, కుప్పం వరకు బడి బడికీ తిరిగి, నిద్రప్ప ముఖం కనబడిన చోటల్లా అంటించాను. ఆ ఊరికి మాత్రం ఆదివారం పోయాను. అయ్యవారిని తాళం తీయమని అడిగి, పిల్లలెవరూ లేనప్పుడు పని ముగించుకుని వచ్చేశాను.

ఇన్నేళ్ళు పిల్లల కోసం పుస్తకాలు చేసినవాళ్ళం. అంటించిన కాగితం కనబడితే పిల్లలు ఏం చేస్తారో మాకు తట్టలేదు. నేను ఊరు దాటేలోపే బొటనవేలిని ఉమ్మితో తడిచేసుకుని గీకడం మొదలుపెట్టారు. కుప్పం దగ్గర ఒక బడిలో అయితే నేనింకా అంటిస్తుండగానే ఒక పిల్ల అడిగింది. "యాల సార్ ఈ మొగమంతా మూసేస్తాండారు? ఇదెవురు?" ఎవరూ కాదన్నాను. "ఎవురూ గాకపోతే మూసేది యాల?" అంది. నేను నవ్వి ఇంకో పుస్తకం తీసుకున్నాను. నేను పోయాక వాళ్ళ అయ్యవారు చెప్పాడట, పాపం, ఎవరో నిజం మనిషికి మనసు నొచ్చిందని.

అంతవరకు కుప్పంలో, పుంగనూరులో నిద్రప్ప అంటే ఉట్టి బొమ్మ. చీటీలు అంటించాక, నిద్రప్ప అనేవాడు నిజంగా ఎక్కడో ఉన్నాడని అందరికీ తెలిసింది. ఒక ఊరి ఎగతాళిని మూడు తాలూకాలకు మోసుకుపోయి అంటించి వచ్చాను.

పుంగనూరు సంతకు ఆయన గొర్రెలు తోలుకొచ్చిన రోజు ఏం జరిగిందో మా చిన్నాన్న చూసి వచ్చి, అది నా పుస్తకమని తెలియక నాకే చెప్పాడు. బేరం కుదరని ఒకడు, పిల్లల పుస్తకంలో చూసిన ముఖమని పోల్చుకుని, "ఏం నిద్దరప్పా, మేలుకో, నీ గొర్రిలు నిన్ను తోలుకపోతాండాయి సూడు" అని అరిచాడట. సంతంతా నవ్విందట. ఆ మనిషి ఎవరినీ ఏమీ అనకుండా, ఒక్క గొర్రెను కూడా అమ్మకుండా మందను వెనక్కు తిప్పుకుని పోయాడట.

అప్పటికి నాకు కాళ్ళు కదిలాయి. ఎవరితోనూ చెప్పకుండా ఆ ఊరికి పోయాను, ఆయన అడిగిన ఆ ఒక్క మాట చెప్పి రావడానికి. ఇంటికి తాళం ఉంది.

"మంద తోలుకోని ఎల్లబారిపోయినారప్పా" అంది పక్కింటి ముసలామె. "కర్ణాటక తట్టు అన్నారు. ఈడ తల యెత్తుకోని తిరగలేకుండా ఉండాడు గదా."

"పాప?"

"పాప గూడా పాయె. కట్టె పట్టుకోని ముందర నడిచింది."

బడి దగ్గరికి పోయాను. పిల్లలు నన్ను చూసి, కొత్త చీటీలు తెచ్చాననుకుని చుట్టూ మూగారు. ఎవరికి చెప్పాలి ఆ మాట? చెప్పినా వినాల్సిన పిల్ల లేదు. నేను గీసిన బొమ్మ గీసిననాడు అబద్ధం. ఇప్పుడు నిజమైంది.

ఇక ఆ చప్పట్ల కథ ఎలా పుట్టిందో చెబుతాను. ఆ ఏడే బయటి నుంచి కొందరు మా పని చూడటానికి వచ్చారు. నిద్రప్ప పుస్తకం తిరగేసి, ఇది చదివాక ఆ ఊళ్ళో ఏమైనా మార్పు వచ్చిందా అని ఒకాయన అడిగాడు. పెద్దసారు నా వైపు చూపించి, "వీడు గీసిన ఆ కాపరి కూతురు బడిలోనే ఉంది" అన్నాడు. ఒకప్పటి మాటగా అయితే అది నిజం. వచ్చినాయన దాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకుని రాసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. టీ కప్పులు అందిస్తున్నాను. అక్క ఉంటే ఊరుకునేది కాదు. ఆమె అప్పటికే మానేసి మిషన్ బడిలో టీచరుగా చేరిపోయింది.

తర్వాత శిక్షణలకు నన్ను పంపడం మొదలుపెట్టారు. మొదటిసారి కుప్పంలో ఆ కథ నా నోటితో చెప్పాను. చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి ఒక టీచరమ్మ లేచి, "ఆ పాప ఇప్పుడేం చదువుతోంది సార్?" అని అడిగింది. ఆరు అన్నాను. మరుసటి సంవత్సరం ఏడు అన్నాను. ఆ తర్వాత ఎనిమిది. లెక్క తప్పకుండా జాగ్రత్తపడేవాణ్ణి. నా నోట్లో ఆ పిల్ల ఎక్కడా తప్పకుండా పదో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అనుకుంటుండగా సంస్థకు నిధులు ఆగిపోయి మూతపడింది. కథ మాత్రం మూతపడలేదు. నా దగ్గర విన్నవాళ్ళు ఇంకొకరికి చెప్పారు.

నేను మళ్ళీ కుంచె పట్టాను. అప్పటికి బోర్డుల కాలం పోయింది, అంతా ఫ్లెక్సీలే. మదనపల్లె టమాటా మండీల్లో ప్లాస్టిక్ క్రేట్ల మీద మండీ పేర్లు రాసే పని ఒకటి మిగిలింది. రెండు వేల దశకం చివర్లో ఒకరోజు ఆ పనిలో ఉండగా, కాయలు ఏరుతున్న ఆడవాళ్ళలో ఒకామె లేచి వచ్చి నా ముందు నిలబడింది.

"బొమ్మల సారు గదా నువ్వు?"

కొన్ని ముఖాలు మారవు. నా చేతిలో కుంచె క్రేటు మీద అలాగే ఉండిపోయి రంగు కారింది.

"కారతాండాది సార్, సూసుకో" అంది.

నాయన ఎలా ఉన్నాడని అడిగాను. పోయి రెండేళ్ళయింది అంది. ఏం చేస్తున్నావని కళ్ళెదుట కనబడుతున్నదే అడిగాను. అసలు అడగాలనుకున్నది చివర అడిగాను.

"ఎంతవరకు సదివినావమ్మా?"

"నీకు దెలీదా సార్? నాలుగు. అది గూడా ముగించలే." నవ్వింది. ఆ నవ్వులో కోపం వెతికాను. ఉంటే బాగుండుననిపించింది. "మా పాప ఇప్పుడు మూడు సదువుతాండాది. బాగా సదువుతాది. దాన్ని మాత్రం గీయొద్దు సార్ నువ్వు."

గీయనన్నాను. ఆమె పోబోయి మళ్ళీ వెనక్కు తిరిగి అంది.

"మా నాయన ఫోటో ఒకటి గూడా లేదు సార్ ఇంట్లో. మేము తిరిగొచ్చినాక మా వూరి బళ్ళో పాత పుస్తకాలు పారేస్తాంటే నిద్దరప్ప పుస్తకం ఒకటి తెచ్చుకున్నా. నువ్వంటించిన కాగితం తడిపి మెల్లగా పీకినా. అడుగున మా నాయన బాగానే ఉండాడు. దాన్నే కత్తిరించి గోడకు పెట్టుకోనుండాం. అయితే... పండుకోనుండాడు సార్. పూజ జేసేప్పుడల్లా పండుకోనే ఉంటాడు. మేలుకోనుండేట్టు ఒకటి గీసిస్తావా?"

ఇంటికి వచ్చి కూర్చున్నాను. ఎన్ని కాగితాలు చింపానో. ముక్కు వస్తుంది, మీసం వస్తుంది, కొంచెం తెరిచిన నోరు కూడా వస్తుంది. అవన్నీ ఈ చేతికి కంఠస్థం. కళ్ళు రావు. ఆ మనిషి మెట్టు మీద కూర్చుని నాతో అంతసేపు మాట్లాడాడు. ఆ మాటలన్నీ గుర్తున్నాయి. ఆయన వంక చూడలేక నేను చూస్తూ కూర్చున్న గేటు, గేటు దగ్గర విడిచిన చెప్పులు కూడా గుర్తున్నాయి.

అప్పుడే ఇది రాయాలని అనిపించింది. బొమ్మ రాకపోయినా మాటయినా చెప్పాలని. ఆయన అడిగింది ఒక్క మాట. అది ఇదిగో: ఆ పిల్ల ముందు నుంచీ బడికి పోతూనే ఉంది. బడి మాన్పించింది మా పుస్తకం. నేనే తెలియక గీశాను, తెలిశాక కూడా చెప్పలేదు. మీరు ఆ కథ ఎక్కడైనా చెబుతుంటే ఇకపై ఇలా చెప్పండి.

కుదిరినంతలో ఒక బొమ్మ పూర్తిచేసి మండీకి పట్టుకుపోయాను. గొంగళి కప్పుకుని కూర్చున్నాడు, కళ్ళు తెరిచి ఉన్నాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. వెలుతురు కోసం పక్కకు తిరిగి, చాలాసేపు చూసింది.

"మా నాయన మాదిరి లేదు సార్" అంది.

వెనక్కు తీసుకుందామని చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు.

"పోనీలే. మేలుకోనుండాడు" అంటూ మడత పడకుండా కాగితాన్ని చుట్టి, అన్నం సంచిలో నిలువుగా పెట్టుకుని, కాయల కుప్ప దగ్గరికి వెళ్ళిపోయింది.